రిమార్కుల గడి

ధర్మాబాదు మిరప మార్కెట్టుల
పదకొండో నంబరు అడ్తి మాది.
పొద్దున తొమ్మిదింటికి కంప్యూటరు మీది గుడ్డ తీస్తె
మొదటి తుమ్ము నాది,
రెండోది ప్రింటరుది.

నవ్వకుండ్రి.
దాని పండ్లచక్రాల సందుల కారం కూసుంటది.
కాగితం సగం మింగి
ఎర్రబల్బు ఎలిగించుకొని ఎక్కుతది.
పాత బ్రష్షుతోని వీపు గోకితె గాని దిగదు.

పుణె నుంచి వచ్చిన సాఫ్ట్‌వేరు.
ఒక మీట నొక్కితె కాటా చీటీ,
దాని పక్కది నొక్కితె చెక్కు.
తెల్లది రైతుకు, గులాబిది మాకు, పసుపుది కమిటీకి.
బస్తాలు, తూకం, తరుగు, హమాలీ, సుతిలి తాడు పైసలు,
రూపాయి కింద పదిపైసలకు గూడ దాంట్ల జాగ ఉన్నది.
మనిషి పేరుకు మటుకు
ఇంగ్లీషుల ఇరవై అక్షరాలు.

మా పేర్లేమో పొడుగు.
గోదారి అవతల నిజామాబాదు దిక్కు ‘వారు’ అంటరు.
ఇటు దాటిన ఏ తాత నోట్లనో కొమ్ము విరిగి
మేం ‘వార్’లమైనం.
ఇంటిపేరు చివర విరిగిన కొమ్ముతోనే
బడిల చేరినం, రేషన్ కార్డుల ఎక్కినం.
ఇగ అంతకంటె విరగదనుకున్నం.

జారికోటు నుంచి నడిపవ్వ వచ్చింది,
నడిపవ్వ లస్మన్న ఎర్రావార్, తొమ్మిది బస్తాలు.
నేను టైపు కొట్టిన.
పందొమ్మిది గడులు అయిపోయి
ఇరవయ్యో దాంట్ల ‘ఎ’ ఒక్కటి నిలబడ్డది.
‘ర్రావార్’ బయట కుప్ప మీద పడ్డది,
ఎర్రటి దాంట్ల ఎర్రగ, ఎవ్వలికి కనబడకుంట.

బ్యాంకుల చెక్కు వాపసు.
పాసుబుక్కుల ఉన్నామె వేరు, చెక్కు మీదామె వేరట.
తొమ్మిది బస్తాలు ఏరి తొడిమెలు తీసిన ఏండ్లు చూపిచ్చిందట ఆమె.
ఏండ్లకు బ్యాంకుల కాలమ్ లేదు.

పుణెకు ఫోన్ చేసిన.
ఓపికగల్ల పిల్ల, టికెట్ నంబరు ఇచ్చింది,
వచ్చే వెర్షన్ల చూస్తమన్నది.
మూడు మిరప పంటలైనయ్, నంబరు నా దగ్గర్నే ఉన్నది.

అప్పుడు దొరికింది అడుగున రిమార్కుల గడి.
రెండువందల అక్షరాలు పడుతది,
ఎవ్వలూ ముట్టని దొడ్డి అసుంటిది.
పూర్తి పేరు తెలుగుల కొట్టిన.
తెర మీద ముత్యాలు.
కాగితం మీద మాత్రం
వరుసగ కాళీ డబ్బాలు.

నడిపవ్వ చీటీ ఎండకు పట్టి చూసి అడిగింది:
“ఇవేందమ్మా, ఇండ్లా?”
“అట్లనే అనుకో.”
“మరి తలుపులేవి?”

నవ్వు ఆపుకోని మల్ల దేవనాగరిల కొట్టిన.
అది అచ్చయింది.
బ్యాంకుల టోంపే సాబు చదివి
“నడిపవ్వా అంటే?” అని అడిగిండట,
“ఇద్దరి నడుమ పుట్టినదాన్ని” అంటె
నవ్వి ముద్ర గుద్దిండట.

ఆ ముద్రతోని నాకు ధైర్యమొచ్చింది.
ఇగ రోజూ రాసుడు మొదలువెట్టిన:
‘రెండు బస్తాలు తడివి కావు, పొద్దటి మంచుకు మెత్తవడ్డయి.’
‘తరుగు కిలోన్నర కోసినం, కిలో కోయాల్సింది.’
‘ఈ రైతు పొద్దటి సంది చాయ్ గూడ తాగలేదు.’
సాఫ్ట్‌వేరు ఒక్కదాన్నీ తప్పనలే.
అన్నిటిని మూడు రంగులల్ల అచ్చు కొట్టింది.

పసుపుది ఒకటి కమిటీల ఎవరో చదివిండ్రు.

సేఠు నన్నేమనలేదు.
అద్దాలు తుడుసుకొని
పుణెకు ఫోన్ చేసిండు.
ఆయన టికెట్టుకు ఒక్కపూటే పట్టింది.
ఇప్పుడు ఆ గడి బూడిదరంగుల ఉంటది,
నొక్కితె పాస్‌వర్డు అడుగుతది.

మొన్న నడిపవ్వ మల్ల వచ్చింది, ఈసారి ఆరు బస్తాలే.
తెల్లచీటీ అందుకొని
వెనకా ముందూ తిప్పింది,
అడుగున కాళీ జాగ మీద వేలు పెట్టి
నా దిక్కు చూసింది:
“ఈసారి ఇండ్లు వెయ్యలేదేందమ్మా?”